బొమ్మతో సరిపోలని బర్రె

బర్రె బొమ్మ వేయడం చాలా తేలిక. ముందు ఒక పెద్ద సున్నా చుట్టండి, అది పొట్ట, కింద రెండు కర్రలు దింపితే కాళ్లు. దాని పక్కన, కాస్త పైకి, చిన్న సున్నా చుడితే తలకాయ. తలకాయ మీద రెండు నెలవంకలు నిలబెడితే కొమ్ములు. పక్కన తమలపాకు లాంటిది ఒకటి వేలాడదీయండి, చెవి వచ్చేస్తుంది. కన్నుకి ఒక చుక్క పెట్టి, చుక్క మీద చిన్న చిన్న గీతలు పెడితే రెప్పలు. మూతి దగ్గర ఒక వంపు గీత లాగారంటే బర్రె మీ వంక చూసి నవ్వుతుంది. చేయి తిరిగినవాళ్లకి టీ చల్లారేలోపు అయిపోయే పని.

మన గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు అడుగుతున్నారు, "పున్నయ్య గారూ, బొమ్మలు బాగా పెడుతున్నారు, అసలు ఆ బర్రె గొడవేంటి?" అని. ఫోనులో ఇంత పొడుగు రాయడం నాకు కష్టమే. వేలు లావు, అక్షరం చిన్నది. కానీ ఊళ్లో తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కొమ్మలపర్రు మున్సిపాలిటీ. బస్టాండు వెనక నాకు సైకిల్ షాపు ఉంది. మా ఆవిడకి అక్క సీతారావమ్మ, అంటే నాకు వదిన, పక్క సందులోనే ఉంటుంది. ఆమెకి ఉన్నది ఒక్క బర్రె. దాని పాల మీదే ఆమె ఇల్లు నడుస్తుంది. దానికి పేరంటూ పెట్టలేదు, "అమ్మాయ్" అని పిలుస్తుంది. ఆమె "అమ్మాయ్" అంటే బర్రె తల తిప్పుతుంది. ఒక్కోసారి మా ఆవిడ కూడా తిప్పుతుంది, ఆ సంగతి వదిలేయండి.

ఆ బర్రె నిండు సూడితో ఉండగా ఒకరోజు పలుపు తెంపుకుని మెయిన్ రోడ్డెక్కింది. ఎక్కి ఊరుకోకుండా సరిగ్గా మున్సిపల్ ఆఫీసు గేటు ముందు నిలబడి నెమరు వేసుకోవడం మొదలుపెట్టింది. కమిషనర్ గారి కారు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయింది. దాంతో బర్రెని తోలుకెళ్లి ఆఫీసు వెనక ఉన్న బందెలదొడ్డిలో కట్టేశారు. వీధిలో తిరిగే గొడ్లని పట్టి ఉంచే చోటు అది. ఇందులో ఆఫీసు వాళ్ల తప్పేమీ లేదు, నేను ఎవరినీ అనడం లేదు. జరిమానా కట్టేసి విడిపించుకుందామని నేనూ వదినా వెళ్లాం.

కౌంటర్లో గుమాస్తా శేషగిరి గారు ఉన్నారు. రసీదు చింపి ఇచ్చారు. తర్వాత సొరుగులోంచి ఒక తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు తీసి వదిన ముందు పెట్టారు.

"వేయండమ్మా."

"ఏం ఎయ్యాల?"

"మీ పశువు బొమ్మ."

వదిన నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. గోడ మీద అద్దాల ఫ్రేములో ఒక పిల్లి బొమ్మ ఉంది. ఒక సున్నా, దాని మీద రెండు త్రికోణాలు, అటు ఇటు మీసాలు. కింద కమిషనర్ విద్యాచరణ్ గారి సంతకం.

సంగతేమిటంటే, అంతకుముందు ఎవడో బందెలదొడ్డికి వచ్చి పరాయివాళ్ల బర్రెని నాదేనని చెప్పి తోలుకుపోయి అమ్ముకున్నాడట. దాని మీద గొడవైంది. అదే సమయంలో కమిషనర్ గారు సృజనాత్మక పరిపాలన అనే శిక్షణకి వెళ్లొచ్చారు. అక్కడ ఆఫీసర్లందరినీ నేల మీద కూర్చోబెట్టి పిల్లి బొమ్మ వేయించారట. మనిషి తనదైన దాన్ని మాత్రమే గీయగలడు అని ఆ శిక్షణ ఇచ్చినాయన చెప్పాడట. కమిషనర్ గారు తిరిగొచ్చిన వారంలోనే ఆర్డరు వేశారు. బందెలదొడ్డిలోంచి పశువుని విడిపించుకోవాలంటే యజమాని తన చేత్తో దాని బొమ్మ వేయాలి. బొమ్మా పశువూ సరిపోవాలి. దీనికి స్వహస్త చిత్ర ధ్రువీకరణ అని పేరు. ఆలోచిస్తే మంచి ఆలోచనే అనిపించింది నాకు. దొంగ ఎక్కడ వేస్తాడు బొమ్మ?

వదినకి మాత్రం అనిపించలేదు.

"అదుగో, నీ ఎనక కిటికీలోంచి కనపడతానే ఉంది గదయ్యా. అదే నా బర్రె."

"కనపడటం వేరు, ధ్రువీకరణ వేరమ్మా."

వదిన కిటికీ దగ్గరకెళ్లి "అమ్మాయ్!" అని పిలిచింది. బర్రె పొట్ట మోసుకుంటూ లేచి, నెమ్మదిగా కంచె దాకా వచ్చి, మూతి బయటపెట్టింది.

"చూశావా?"

శేషగిరి గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "పశువు మిమ్మల్ని గుర్తుపట్టింది. ఆఫీసు దాన్ని కాదనట్లేదు. మీరు పశువుని గుర్తుపట్టినట్టు కాగితం మీద ఉండాలి. పశువు చెప్పే సాక్ష్యం చెల్లదమ్మా."

వదిన జన్మలో పెన్సిలు పట్టింది లేదు. చీర కొంగు నడుముకి చెక్కి, ఊపిరి బిగబట్టి, నాలుగు కాళ్లు గీసింది, వాటి మీద అడ్డంగా ఒక పలక గీసింది, పైన రెండు నిలువు గీతలు పెట్టింది.

శేషగిరి గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది మంచం."

"మంచానికి కొమ్ములుంటయ్యా?"

"దోమతెర కర్రలుంటాయి."

"ఓరి నీ దుంప తెగ! నా బర్రెని పట్టుకొని మంచం అంటావా?"

"నేననలేదమ్మా, బొమ్మ అంటోంది. మంచం పోయిందని దరఖాస్తు పెట్టుకోవాలంటే అది మా శాఖ కాదు."

ఇలా తిరిగిపోయింది మా వదిన ఒక్కతే కాదు. మేకలవాళ్లు, ఆవులవాళ్లు, అందరూ కాగితాల మీద మంచాలూ, ముక్కాలి పీటలూ, బస్సులూ వేసి వెనక్కి వచ్చారు. ఒకాయన మేకపోతుకి గడ్డం పెట్టి, మీసం కూడా పెట్టేసరికి, అది ఆయన మామగారి బొమ్మ అని ఆయన బావమరిదే సాక్ష్యం చెప్పాడు.

జనం గొడవ చేస్తే కమిషనర్ గారు వినేవారే. ప్రజలు ఆర్డరు తీసేయమన్నారు, ఆయన దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. టౌన్‌హాల్లో మైకు పెట్టించి మాట్లాడారు.

"మన పట్టణ ప్రజలలో చిత్రలేఖనపరమైన వెనకబాటు ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. ఇది ఆందోళనకరం. అయితే ప్రభుత్వం ప్రజలను వారి గీతలకు వదిలేయదు. నేటి నుంచి ప్రారంభకులకు సులభ పశుచిత్రలేఖన శిక్షణా శిబిరం ఉచితంగా నిర్వహించబడుతుంది!"

చప్పట్లు కొట్టింది ఆఫీసు స్టాఫు. నేనూ కొట్టాను. ఉచితం కదా.

నేర్పించడానికి కాన్వెంటు స్కూల్లో డ్రాయింగు చెప్పే డేవిడ్‌రాజు మాస్టారు వచ్చారు. మంచి మనిషి. నేను పైన చెప్పిన సున్నాలు ఆయన నేర్పినవే. బోర్డు మీద ఆయన అలా చుట్టి ఇలా చుట్టేసరికి బర్రె వచ్చేసింది, కళ్లార్పుతూ నవ్వుతూ. హాలంతా ఆహా అంది.

వదిన చేయి ఎత్తింది. "మాస్టారూ, నా బర్రె కొమ్ములు ఎనక్కి తిరిగుంటయ్. ఒకటి కొంచెం ఇరిగింది."

"అమ్మా, ముందు మామూలు కొమ్ములు నేర్చుకోండి. ఎవరి కొమ్ములు వాళ్లవి పెద్ద కోర్సులో వస్తాయి."

"దీని రెప్పలకి ఆ కాటుకేందయ్యా? ఇదేమన్నా పెళ్లికి పోద్దా?"

"అది అందం కోసమమ్మా."

"అందం కోసం పాలిస్తదా?"

మాస్టారు చేతులకంటిన సుద్ద దులుపుకుని బోర్డు వైపు తిరిగారు.

నాకు మాత్రం ఈ పని పట్టుబడింది. ఎందుకో తెలీదు. సైకిలు చక్రాలతో బతికినవాణ్ణి, సున్నా చుట్టడం చేతికి వచ్చేసింది. సాయంత్రాలు షాపు మూశాక ఇంటికొచ్చి, వదినకి నేర్పిద్దామని ఆమె ముందు కూర్చుని చుట్టేవాణ్ణి. ఆమె చుట్టిన సున్నా మాత్రం చిలగడదుంప లాగా వచ్చేది. ఆమె మనసు బొమ్మ మీద ఎక్కడుంది? రోజూ పచ్చగడ్డి కోసుకెళ్లి కంచె సందులోంచి బర్రెకి పెట్టి వచ్చేది. "పొదుగు దిగతా ఉంది మరిదీ. ఇయ్యాలో రేపో. దొడ్డిలో ఈనితే చూసేదెవరు? కాపలా మస్తానుకి కోళ్ల సంగతి కూడా తెల్దు" అనేది.

అందుకే శిబిరం చివర్లో పరీక్ష పెట్టినప్పుడు ఆమె తరఫున నేను బొమ్మ వేసి ఇచ్చాను. వదిన బర్రె అని ప్రేమగా వేశాను. కొమ్ము మీద ఒక పువ్వు కూడా పెట్టాను.

మర్నాడు ఆఫీసుకి పిలిచారు. కమిషనర్ గారు లేచి నిలబడి నాతో చేయి కలిపారు. "అభినందనలు బసవపున్నయ్య గారూ! తొంభై ఎనిమిది మార్కులు. పువ్వు అద్భుతం. యజమానిత్వం నిర్ద్వంద్వంగా నిరూపించుకున్నారు."

"ఎవరి యజమానిత్వం సార్?"

"మీదే."

"సార్, బర్రె మా వదినది."

"మీ వదిన గారిది మంచం," అన్నారు శేషగిరి గారు ఫైలు చూస్తూ. "ఎవరు వేస్తే వారే యజమాని. ఆర్డరులో స్వహస్తం అని ఉంది. తరఫున అనే మాట లేదు."

ఆ విధంగా నాకు బర్రె వచ్చింది. ఇంటికెళ్లి చెప్పాను. మా ఆవిడ అన్నం గిన్నె దబ్బున పెట్టింది. "మా అక్క బర్రె మీద కన్నేశావా?" అంది. నేను అలాంటివాణ్ణి కాదని ఆమెకి తెలుసు, అయినా అడిగింది. వదిన అయితే గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని, నన్ను దాటుకుని వెళ్లిపోయింది. తిట్టినా బావుండేది.

సర్లే, కాగితం మీద నాదైతే ఏమైంది, విడిపించి ఆమె కొట్టంలో కట్టేద్దామనుకున్నాను. ఆ మాట చెప్పి సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాను. శేషగిరి గారు నవ్వారు.

"తొందరపడకండి. యజమాని ధ్రువీకరణ పూర్తయింది. పశువు ధ్రువీకరణ మిగిలింది. మీరు యజమానే. ఏ బర్రెకి అన్నది కమిటీ తేల్చాలి."

కమిటీ అంటే కమిషనర్ గారు, పశువుల డాక్టరు గారు, డేవిడ్‌రాజు మాస్టారు. ముగ్గురూ నా బొమ్మ పట్టుకుని దొడ్డిలోకి వెళ్లారు. యజమానిని కాబట్టి నన్నూ రానిచ్చారు. వదిన కంచె బయట నిలబడింది.

కమిషనర్ గారు బొమ్మ చూశారు, బర్రెని చూశారు. మళ్లీ బొమ్మ చూశారు. మొహం గంభీరంగా పెట్టారు.

"డాక్టరు గారూ, చిత్రంలోని పశువు నవ్వుతోంది. ఈ పశువు నవ్వడం లేదు."

కాపలా మస్తాన్ ఆగలేకపోయాడు. "సార్, బర్రెలు నవ్వవు సార్."

"నువ్వు వెటర్నరీ చదివావా?"

"లేదు సార్."

"డాక్టరు గారు చదివారు. చెప్పండి డాక్టరు గారూ."

డాక్టరు గారికి బదిలీ కాగితాల మీద కమిషనర్ గారి సంతకం కావాలని తర్వాత తెలిసింది. ఆయన బర్రె మూతి ఎత్తి, పెదవి లాగి, లోపలికి టార్చి వేసి చూసి, చేతులు తుడుచుకున్నారు. "శాస్త్రీయంగా చూస్తే, నవ్వకూడదని ఎక్కడా లేదు సార్. పళ్లు బానే ఉన్నాయి. సౌకర్యం ఉంది, ఉపయోగించుకోవడం లేదు."

"అయితే ఆహ్లాదకరమైన వాతావరణం కల్పించి పరిశీలించండి."

దొడ్డిలో స్పీకరు పెట్టి పాటలు వేశారు. రంగు కాగితాల తోరణాలు కట్టారు, పక్కనున్న మేక వాటిని తినేసింది. మేక మొహం కొంచెం నవ్వినట్టు ఉందని మాస్టారు అన్నారు గానీ, అది వేరే ఫైలు కాబట్టి పట్టించుకోలేదు. బర్రె మాత్రం పొట్ట బరువుకి అటు కాలు ఇటు, ఇటు కాలు అటు మార్చుకుంటూ నిలబడింది. చివరికి కమిటీ రాసింది: "సదరు పశువు చిత్రముతో సరిపోలుట లేదు. కావున ఇది శ్రీ బసవపున్నయ్య గారి పశువు కానేరదు. అసలు పశువు లభ్యమగు వరకు ఈ పశువును దొడ్డిలోనే ఉంచవలెను." ముగ్గురూ సంతకాలు పెట్టి, కాపీ ఒకటి నాకిచ్చారు.

కంచె బయటి నుంచి వదిన అరిచింది. "ఏందయ్యా తేల్చింది?"

"నవ్వట్లేదంట వదినా."

"నొప్పులు పడేది ఎట్టా నవ్వుద్దిరా?" అంది. అని, ఆమే ఆగిపోయింది. బర్రె తోక పక్కకి పెట్టి, నడుము వంచి, పడుకోబోతోంది. "మరిదీ! అది ఈనుతా ఉంది!"

డాక్టరు గారు అప్పటికే స్కూటరెక్కి వెళ్లిపోయారు, ఫోను ఎత్తడం లేదు. కమిషనర్ గారు ఆఫీసు మెట్ల దాకా వెళ్లినవారు వెనక్కి తిరిగి చూస్తున్నారు. కమిటీ బయటికి వెళ్లగానే మస్తాన్ అలవాటుగా దొడ్డి తలుపుకి తాళం వేసేశాడు. లోపల నేను, బర్రె.

"తలుపు తియ్యమను అయ్యని! నన్ను రానియ్యమను!" అని వదిన కంచె పట్టుకుని ఊపుతోంది.

కమిషనర్ గారు మెట్ల మీద నుంచే చెప్పారు. "నిబంధన ప్రకారం యజమానికే ప్రవేశం. యజమాని లోపలే ఉన్నారు కదా."

"ఆయన సైకిళ్లు బాగుచేస్తాడయ్యా!"

అది నిజం. నేను బర్రె వెనకాల నిలబడి పంక్చర్ చూసినట్టు చూస్తున్నాను.

"ఏం కనపడతా ఉంది మరిదీ?"

"కాలు వదినా. గిట్ట."

"ఒకటా, రెండా?"

"ఒకటే."

వదిన కంచె మీద నుంచి మెడ చాపింది. "రెండోది మడుచుకుపోయింది. దాన్ని సరిచెయ్యకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. ఓ మస్తాను, నీకు దణ్ణం పెడతా."

మస్తాన్ కమిషనర్ గారి వంక చూడలేదు. తాళం తీశాడు. తీసి, తాళంచెవి ఎక్కడో పడిపోయిందని వెతుకుతున్నట్టు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"అనధికార ప్రవేశం!" అన్నారు కమిషనర్ గారు.

వదిన వినిపించుకోలేదు. మస్తాన్ బకెట్లో చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మాయ్, నేనొచ్చా, ఇంక భయపడబాక" అంటూ నెమ్మదిగా చేయి లోపలికి పోనిచ్చింది. బర్రె ఒక్క అరుపు అరిచింది. స్పీకర్లో పాట ఇంకా మోగుతూనే ఉంది. ఎవరో దాన్ని ఆపారు. కాసేపటికి రెండు గిట్టలు, వాటి మీద ఆనించుకున్న చిన్న మూతి బయటకొచ్చాయి. నన్ను పట్టుకోమంది, పట్టుకున్నాను. లాగమన్నప్పుడు లాగాను. తడితడిగా, ఆవిర్లు కక్కుతూ, నల్లటి పెయ్యదూడ నా ఒళ్లో పడింది.

వదిన దాని ముక్కులోంచి జిగురు తీసి, చెంప మీద తట్టింది. దూడ తుమ్మింది. అప్పుడు కూర్చుంది వదిన కింద, ఆ పేడలోనే, చెంగుతో మొహం కప్పుకుని.

బర్రె దూడని నాకడం మొదలుపెట్టింది. శేషగిరి గారు మాత్రం కమిషనర్ గారి పక్కకి చేరి మెల్లగా అన్నారు. "సార్, రిజిస్టర్లో ఒకటి పెరిగింది. దీనికి బొమ్మ లేదు."

వదిన లేచింది. దూడని నా భుజాన వేసింది. పలుపు ఎత్తి పట్టుకుంది. "పద అమ్మాయ్" అంది. బర్రె మెల్లగా కాళ్లీడ్చుకుంటూ నడిచింది.

"ఆగండి! ఆపండి వాళ్లని!" అని కమిషనర్ గారు అరిచారు.

"ఆపుతాను సార్," అన్నారు శేషగిరి గారు. "ఏ పశువుని ఆపాలో ఆర్డరులో రాయాలి. పున్నయ్య గారి పశువు అని రాద్దామంటే, ఇది ఆయనది కాదని ఇప్పుడే సంతకం పెట్టాం. సీతారావమ్మ గారిది అందామంటే, ఆవిడకి ఉన్నది మంచం. ఏమని రాయమంటారు?"

కమిషనర్ గారు ఆలోచించేలోపు మేం సందు మలుపు తిరిగాం.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. అవ్వలేదు. మర్నాడు కమిషనర్ గారు నన్ను పిలిచి, చాలా మర్యాదగా చెప్పారు. దొడ్డిలోంచి పశువు పోయింది, పోలీసులకి చెప్పకపోతే ఆడిట్‌లో ఇబ్బంది. పోయిన పశువుకి యజమానిగా రికార్డులో ఉన్నది నేనొక్కణ్ణే. కాబట్టి ఫిర్యాదు నేనే ఇవ్వాలి, లేదంటే నిర్లక్ష్యంగా పశువుని వదిలేసినందుకు నా మీదే కేసు.

"మా అక్క మీద పోలీస్ కంప్లెయింటా?" మా ఆవిడ నడుం మీద చేయి పెట్టుకుంది. "నువ్వు ఆ కాయితం మీద సంతకం పెట్టి చూడు, ఈ ఇంట్లో నీకు మంచినీళ్లు పుడితే ఒట్టు."

రెండు వైపులా ఇరుక్కుపోయాను. నేను అబద్ధం రాయలేను, నిజం రాస్తే వదిన పోలీస్ స్టేషన్‌కి పోవాలి. చివరికి బాగా ఆలోచించి, అబద్ధం ఒక్క అక్షరం లేకుండా రాశాను. "అయ్యా, ఈ బొమ్మలో ఉన్న బర్రె నా దగ్గర లేదు. ఎక్కడుందో నాకు తెలీదు. కనపడితే చెప్పగలరు." బొమ్మ జత చేశాను.

కానిస్టేబుల్ నాగేంద్రం గారు ఆ బొమ్మ పట్టుకుని ఊరంతా తిరిగారు. టీ కొట్ల దగ్గర చూపించారు, రైల్వే గేటు దగ్గర చూపించారు. "పువ్వు పెట్టుకుని ఉంటుంది, చూసినవాళ్లు చెప్పండి" అని. ఎవరో పాడు మనిషి వదిన ఇంటి గుర్తులు చెప్పాడు. ఆయన వచ్చేసరికి నేను కూడా అక్కడే ఉన్నాను. వదిన బర్రె మెడ చుట్టూ చేతులేసి నిలబడింది. ఈసారి తోలుకెళితే దూడ కూడా పోతుంది.

నాగేంద్రం గారు బొమ్మని బర్రె మొహం పక్కన ఆనించి పట్టుకున్నారు. వెనక్కి వచ్చి చూశారు. పక్కకెళ్లి చూశారు. వంగి కాళ్లు లెక్కపెట్టారు.

"ఇందులో రెండే ఉన్నాయి. దీనికి నాలుగున్నాయే."

"అవునండీ," అన్నాను.

"కొమ్ములు పైకి లేవు. ఒకటి విరిగింది. పోయిన బర్రెకి దూడ ఉందని కూడా ఫిర్యాదులో రాయలేదు."

"లేదండీ."

ఆయన టోపీ తీసి, తల గోక్కుని, చాలాసేపు వదిన మొహం చూశారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇది కాదులేమ్మా. సరిపోలట్లా."

వదిన ఆయన్ని కూర్చోబెట్టి జున్ను పెట్టింది. రెండోసారి కూడా పెట్టించుకున్నారు. వెళ్తూ వెళ్తూ, "పెద్దమ్మా, బెల్లం ఇంకొంచెం పడాల" అన్నారు.

కానీ కేసు మూయలేదు, అసలు బర్రె దొరకాలి కదా. కేసు ఉన్నంతకాలం మళ్లీ ఎవరైనా బొమ్మ పట్టుకొచ్చి కొలుస్తారేమోనని వదిన కొట్టానికి తడిక అడ్డం పెట్టేది. వీధిలో బూటు చప్పుడైతే ఉలిక్కిపడేది.

మొన్న మధ్యాహ్నం స్టేషన్ నుంచి ఫోను. "పున్నయ్య గారూ, మీ బర్రె దొరికిందండీ. కమిటీ కూడా వచ్చేసింది. గాంధీబొమ్మ సెంటరుకి అర్జంటుగా బయల్దేరండి."

షాపు అలాగే వదిలేసి వెళ్లి వదినకి చెప్పాను. వదిన కొట్టంలోకి పరిగెత్తింది. అమ్మాయీ దూడా ఉన్నాయి. మరి దొరికిందేంటి? ఇద్దరం పరుగున వెళ్లాం.

గాంధీబొమ్మ సెంటర్లో కొత్తగా పెట్టిన పాలకొట్టు ముందు జనం మూగారు. కొట్టు పైన రేకు బోర్డు. బోర్డు మీద బర్రె. పెద్ద సున్నా, చిన్న సున్నా, నెలవంకలు, రెప్పలు, నవ్వు, కొమ్ము మీద పువ్వు. శిబిరం బాగా పేరు రావడంతో కొట్టు ఓనరు డేవిడ్‌రాజు మాస్టారితోనే వేయించాడట. పువ్వు నా దగ్గర నేర్చుకున్నానని మాస్టారే వినయంగా చెప్పారు.

కమిషనర్ గారు నా బొమ్మ ఒక చేత్తో పట్టుకుని, బోర్డు వంక తలెత్తి చూస్తున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నిజంగా.

"ప్రతి గీత సరిపోయింది. నేను మొదటి నుంచీ చెబుతున్నాను, వ్యవస్థని నమ్మమని!"

"సార్, అది నా బోర్డు సార్," అన్నాడు కొట్టు ఓనరు.

"రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఉంది. బహిరంగ స్థలంలో సంచరించడం కిందికే వస్తుంది."

బోర్డుని మరమేకులు ఊడదీసి దించారు. ట్రాక్టరెక్కించి బందెలదొడ్డికి తీసుకెళ్లారు. మస్తాన్ మేకు కన్నంలోంచి తాడు పోనిచ్చి గుంజకి కట్టి, ఆర్డరు ప్రకారం దాని ముందు గడ్డి వేశాడు. డాక్టరు గారు వచ్చి ఆరోగ్యం సంతృప్తికరం అని రాశారు. బోర్డు కోసం వచ్చిన కొట్టు ఓనరుకి శేషగిరి గారు తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు ఇచ్చారు. అతను అరుగు మీద కూర్చుని ఇంకా వేస్తున్నాడు.

నన్ను లోపలికి పిలిచి ఫైలు నా ముందు తిప్పి పెట్టారు. యజమాని ధ్రువీకరణ పూర్తి, పశువు ధ్రువీకరణ పూర్తి. విడుదల ఆర్డరు మీద నా సంతకం ఒక్కటే మిగిలింది. పాపం కొట్టు ఓనరు బోర్డు అతనికి ఇప్పించేద్దామని పెన్ను తీశాను.

వదిన నా చేయి పట్టుకుంది. గట్టిగా.

"పెట్టబాక మరిదీ."

"అతను అరుగు మీద ఏడుస్తున్నాడు వదినా."

"ఆయనకి ఇంకో బోర్డు రాయించి పెడదాంలే, ఏడాది పాలు నేను పోస్తా. అది మాత్రం ఈడనే ఉండనీ." శేషగిరి గారికి వినపడకుండా నా చెవి దగ్గరకి వచ్చింది. "దొడ్డి లెక్కలో ఒకటి తగ్గితే మళ్లీ నా కొట్టం మీదికే వస్తారు. రేకుది లోపలుంటేనే, నాది బయటుండేది. అర్థమైందా? పద, పాలు తీసే యాళయింది."